ఎడ్వర్డు లారీ: హైదరాబాదు క్లోరోఫారము పరీక్ష

ఔషధము రోగిని బ్రదికించును. అదియే యొక్కొక్కప్పుడు రోగిని చంపును. ఈ రెండవ మాటను విననొల్లని వైద్యునివలన లోకమునకు కలుగు కీడు సామాన్యమైనది కాదు. అట్టి చరిత్ర యొకటి మన హైదరాబాదులోనే జరిగినది. దానికి నాయకుడు ఎడ్వర్డు లారీ. ఆయన దుష్టుడు కాడు, సోమరి కాడు, అవివేకి యంతకంటెను కాడు. కనుకనే ఆయన జీవితము మనకు పరిశీలింపదగినది.

లారీ ఎడింబరోలో సైము అను ప్రసిద్ధ శస్త్రవైద్యునికి శిష్యుడు. మత్తు నిచ్చునపుడు రోగి శ్వాసను కనిపెట్టి యున్న చాలును, నాడిని చూడ నక్కరలేదని సైము బోధించెడివాడు. శిష్యు డీ బోధను గురూపదేశమువలె శిరసావహించెను. తరువాత ఇండియను మెడికలు సర్వీసున చేరి, లాహోరున పనిచేసి, 1885లో హైదరాబాదునకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చెను. నిజాము సంస్థానపు వైద్యపాఠశాలకు కూడ ఆయనయే అధిపతి.

క్లోరోఫారమును 1847 నవంబరులో ఎడింబరోలోనే సింప్సను వాడుకలోనికి తెచ్చెను. కత్తికోత బాధ నెరుగకుండ రోగి నిద్రించుట నాటి ప్రజలకు దైవదత్తమైన వరముగా తోచినది. కాని మూడు మాసములైనను గడువక మునుపే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో న్యూకాసిలు సమీపమున పదునైదేండ్ల బాలిక యొకతె కాలిగోరు తీయించుకొనుచు ఈ మత్తుతో నిమిషములలో మరణించెను. అటుతరువాత నిట్టి మరణములు వినవచ్చుచునే యుండెను. గుండె యాగి చచ్చిరని లండను వైద్యులనిరి. శ్వాస యాగి చచ్చిరి, అది మత్తు నిచ్చినవాని అజాగ్రత్తయే గాని మందు దోషము కాదని ఎడింబరోవారనిరి.

హైదరాబాదున లారీ చేసిన మేలును మరువరాదు. వైద్యపాఠశాలలో స్త్రీలకు ప్రవేశము దొరకినది ఆయన కాలముననే. వారిలో నొకరగు రూపాబాయి ఫర్దూంజీ క్లోరోఫారము నిచ్చుటలో నేర్పరియై, పిమ్మట ఎడింబరోకు బోయి చదివి వచ్చి, ఇచ్చటి ఆసుపత్రులలో మత్తువైద్యురాలుగా సేవచేసెను. లారీయు, ఆయన శిష్యులును వేలకొలది రోగులకు శ్వాసను కనిపెట్టుచు క్లోరోఫారము నిచ్చిరి. ఆ శ్రద్ధవలన బ్రదికినవారు నిస్సంశయముగ ననేకులు.

అయినను ఆయనకంతటితో తృప్తి కలుగలేదు. గురువు మాట సర్వత్ర సత్యమని లోకముచే నొప్పింపవలెనని సంకల్పించెను. నిజాము మహబూబు అలీ ఖాను ద్రవ్యమిచ్చెను. 1888లో మొదటి క్లోరోఫారము కమిషను ఏర్పడి, నూటికి పైగా వీథికుక్కలను మత్తుచే చంపి పరీక్షించినది. ప్రతి కుక్కకును ముందు శ్వాస యాగినది, పిదప గుండె యాగినదని తేల్చిరి. లండనులోని లాన్సెటు పత్రిక దీనిని శంకించినది. అంతట నిజాము ఖజానానుండి 1000 పౌనులు పంపి, మీ ప్రతినిధినే పంపుడని లారీ ఆహ్వానించెను. 1889 అక్టోబరులో లాడరు బ్రంటను అను పండితుడు వచ్చెను. గుండెయే ముందు దెబ్బతినునని నమ్మి వచ్చిన ఆయన, కుక్కలపైనను, కోతులపైనను, ఇతర జంతువులపైనను అయిదు వందలకు పైగా ప్రయోగములు చేసిన పిమ్మట లారీ పక్షమే వహించెను. ఆ వార్త తంతిద్వారా లండను చేరినది. హైదరాబాదు పేరు ప్రపంచ వైద్యసభలన్నిటను మారుమ్రోగెను.

ఇన్ని ప్రయోగములును తప్పా? చూచినది తప్పు కాదు, చూడనిది కలదు. ఆ జంతువులకు మత్తు నధికముగ, ప్రాణము పోవువరకు నిచ్చిరి. అట్లు ఇచ్చినపుడు శ్వాసయే ముందు నశించుట నిజమే. ఆసుపత్రిలో చచ్చిన రోగులలో ననేకుల కథ వేరు. వారు భయపడుచు, మత్తు పూర్తిగ నెక్కక మునుపే హఠాత్తుగ కన్ను మూసిరి. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెలు, షోరు అనువారు క్లోరోఫారము గుండెను నేరుగ బలహీనపరచునని చూపిరి. 1911లో లెవీ అను పరిశోధకుడు అసలు రహస్యమును వెల్లడించెను: కొలది మత్తులో నున్న ప్రాణికి దేహములోని ఎడ్రినలిను తోడైనచో గుండె లయదప్పి వణకి చటుక్కున నాగిపోవును. హైదరాబాదు కుక్కలలో నిది బయటపడు మార్గమే లేకపోయినది.

మరియొక లెక్క కలదు. క్లోరోఫారము మరణములు సుమారు మూడువేల మందిలో నొకటియని అంచనా. అయిదు వందల ప్రయోగములలో నొక అపాయము కనబడకున్నచో, అది నూట అరువదింట ఒకటికంటె తరచుగ రాదనియే గణితము చెప్పగలదు. అసలు లేదని చెప్పజాలదు. కనబడలేదనుట వేరు, లేదనుట వేరు.

లారీ మాత్రము ఒప్పుకొనలేదు. గుండె యాగి మరణము కలిగెనని వార్త వచ్చిన ప్రతిసారియు, ఇచ్చినవానికి చేతకాలేదనియే ఆయన సమాధానము. 1901లో తన సిద్ధాంతమునే గ్రంథముగ ప్రకటించెను. మలేరియా క్రిమిని లావరాను కనుగొనెననగా దానిని సయితము నిరాకరించెను. ఆయన పొరుగుననే, సికింద్రాబాదున, 1897లో రోనాల్డు రాసు దోమలో ఆ క్రిమిజాడ పట్టెను! సంస్థానమున రెసిడెన్సీ సర్జనునకు ఎదురాడుట నాటి విద్యార్థికి సులభమా? అధికారమును శాస్త్రమును ఒకే యాసనమున కూర్చున్నచోట ప్రశ్న పుట్టుట కష్టము. 1915లో లారీ మరణించెను. క్లోరోఫారమో, గుండెకును కాలేయమునకును చేయు కీడు రుజువైనకొలది క్రమముగ వాడుక తప్పిపోయినది.

వేయిమందిని చంపినవాడే వైద్యుడని మనవారు పరిహాసమాడుదురు. చావులవలన జ్ఞానము తనంతట రాదు. ప్రతి చావును వ్రాసియుంచి, నింద నెవరిపైననో త్రోసివేయక, మందునే యడిగినపుడు వచ్చును.

నేటి మాట చూతము. ఇబ్రహీంపట్నము చెంతనున్న రావిర్యాల వంటి యూరిలో నొక తల్లి బిడ్డకు జ్వరమని అంగడిలో బిళ్ల కొనును. పారాసిటమాలు మితిమీరిన కాలేయము చెడును. నొప్పుల బిళ్లలు కడుపున పుండు పుట్టించును, మూత్రపిండములను క్రుంగదీయును. విరివిగ వాడిన నిమెసులైడును పండ్రెండేండ్లలోపు పిల్లలకు ఇయ్యరాదని ప్రభుత్వము 2011లో నిషేధించినది. అంగడిలో సులభముగ దొరకుట నిరపాయతకు సాక్ష్యము కాదు.

మందులవలని కీడులను సేకరించు కార్యక్రమమును భారతప్రభుత్వము 2010లో ఆరంభించినది. ఘజియాబాదులోని భారత ఔషధసంహితా సంస్థ దానిని నడుపుచున్నది. వైద్యుడే కాదు, రోగియు, రోగి బంధువులును 1800-180-3024 అను ఉచిత టెలిఫోనుకు తెలుపవచ్చును. మందు మ్రింగిన తరువాత దద్దురు లేచినను, ఊపిరి ఆడకున్నను, కండ్లు పచ్చబడినను వెంటనే వైద్యుని చూపించుకొని, ఆ సంగతిని తెలియజేయవలయును. అది నీ కర్మమని, నీ దేహతత్త్వమని త్రోసిపుచ్చు వైద్యుడు లారీ దోషమునే మరల చేయుచున్నాడు. నాడు నిజాము ఖజానా సొమ్మును వందల జీవముల ప్రాణమును ధారపోసినను తెలియని సత్యము, నేడు గ్రామీణు డొకడు నోరు విప్పి చెప్పిన మాటవలన తెలియవచ్చును. అతనిచే చెప్పించుట, చెప్పినపుడు చెవియొగ్గుట, స్వతంత్రదేశపు వైద్యధర్మము.