అంతరిక్షమునకు బాట వేసిన బడిపంతులు

అంతరిక్షయాత్ర యనగానే కోట్లకొలది ధనము, వేలకొలది శాస్త్రజ్ఞులు, మహాయంత్రాగారములు మనస్సునకు తోచును. కాని భూమిని విడిచి పోవుటకు రాకెట్టే తగిన వాహనమని గణితముతో నిరూపించిన మొదటి వ్యక్తికి వీనిలో నేదియు లేదు. ఆయన యొక చిన్న పట్టణపు బడిపంతులు. చెవులు సరిగా వినబడవు. కళాశాల గడప త్రొక్కి యెరుగడు. ఆయనయే కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ.

రష్యాదేశమున ర్యజాన్ మండలమునందలి ఇజెవ్‌స్కొయె గ్రామమున 1857వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన ఆయన జన్మించెను. తండ్రి అటవీశాఖలో నుద్యోగి. చదువను వ్రాయను నేర్పినది తల్లి. పదియేండ్ల ప్రాయమున స్కార్లెట్ జ్వరము సోకి, ప్రాణము దక్కినను వినికిడి చాలవరకు నశించెను. తోడిపిల్లల మాటలు వినరాక ఆటలకు దూరమయ్యెను. ఉపాధ్యాయుని పాఠము చెవి కెక్కక చదువున వెనుకబడెను. 1870లో తల్లియు కన్నుమూసెను. బడిచదువు నడుమనే ఆగిపోయెను. అది మొదలు పుస్తకములే ఆయనకు గురువులు.

కుమారుని బుద్ధిసూక్ష్మతను గ్రహించి తండ్రి 1873లో ఆతనిని మాస్కోకు పంపెను. ఆ పదునారేండ్ల బాలుడు మూడు సంవత్సరములపాటు గ్రంథాలయమునందే కాలము గడపెను. గణితము, భౌతికము, రసాయనము, ఖగోళశాస్త్రము ఒకదాని వెంట నొకటి స్వయముగా సాధించెను. గ్రంథాలయమున పనిచేయుచుండిన నికొలాయ్ ఫ్యొదరోవ్ అను విద్వాంసుడు కావలసిన గ్రంథము లిచ్చి ఆదుకొనెను. తండ్రి పంపు కొలదిపాటి సొమ్ము పుస్తకములకును, ప్రయోగములకు వలయు వస్తువులకును చెల్లిపోగా, నల్లరొట్టెయు నీళ్లునే ఆహారమయ్యెను. శరీరము చిక్కి శల్యమైనదని విని తండ్రి యింటికి పిలిపించుకొనెను.

1879లో త్సియోల్కోవ్‌స్కీ ఉపాధ్యాయ పరీక్షయందు కృతార్థుడయ్యెను. మరుసటి సంవత్సరమే బొరోవ్‌స్క్ పట్టణమున గణితోపాధ్యాయుడుగా కుదిరి, వర్వారా సొకొలోవా అను కన్యను వివాహమాడెను. చెవికి రేకుగొట్టము నానించుకొని విద్యార్థుల మాటలు వినువాడు. కాగితపు బూరలను వేడిగాలితో నింపి యెగురవేసి వారికి వాయువుల గుణములు తెలుపువాడు. పగలు పాఠములు, రాత్రి పరిశోధనలు. ఇట్లు దాదాపు నలువదియేండ్లు గడచెను.

ఆ తొలిదినములలో వాయువుల చలనమును గూర్చి ఆయన యొక వ్యాసము రచించి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని శాస్త్రసంఘమునకు పంపెను. ఆ సిద్ధాంతము సుమారు ఇరువదియైదేండ్లకు పూర్వమే వెలువడినదని మెండలీఫ్ తెలియజేసెను. కొత్త శాస్త్రవార్తలు చేరని మూలపట్టణమున నుండుటచే కలిగిన నష్టమిది. ఐనను లోకమున మహామహులు కనుగొన్న సత్యమును ఒంటరిగా, మరొకరి సాయము లేక, తానును చేరుకొన్నాడు. ఆ సంఘమువారును ఆయన ప్రతిభను గుర్తించి తమలో చేర్చుకొనిరి.

1883లో ఆయన మరియొక విషయమును తలపోసెను. గాలిగాని నేలగాని లేని శూన్యమున ఒక వస్తువు ఎట్లు కదలగలదు? నిశ్చలజలమున నిలిచిన పడవనుండి బరువైన రాళ్లను వెనుకకు విసరినచో పడవ ముందుకు జరుగును. ఆ రాళ్లకు బదులుగా మండిన ఇంధనపు వాయువులు అతివేగమున వెనుకకు వెడలినచో వాహనము శూన్యమునందైనను సాగిపోవును. ఇంతవరకు ఊహ. దానిని లెక్కలో బిగించుట ఆయన చేసిన గొప్పపని.

1892లో కలూగా పట్టణమునకు బదిలీ యయ్యెను. 1897లో అచ్చట తన సొంతసొమ్ముతో ఒక గాలిసొరంగమును నిర్మించి గాలి నిరోధమును కొలిచెను. ఆ యేడే రాకెట్టు వేగమునకు సంబంధించిన సూత్రమును వ్రాసికొనెను. దాని సారము ఉన్నతపాఠశాల విద్యార్థికిని తెలియునంత సులభము. ఇంధనముతో కూడిన రాకెట్టు బరువు, ఇంధనము తీరిన పిదప మిగులు బరువునకు ఎన్ని రెట్లో చూడవలెను. ఆ నిష్పత్తి గుణశ్రేఢిలో పెరిగినచో వేగము అంకశ్రేఢిలో మాత్రమే పెరుగును. వాయువులు సెకనుకు 3 కిలోమీటర్ల వేగమున వెడలుచున్నవనుకొన్నచో, నిష్పత్తి 2 ఐనప్పుడు రాకెట్టు వేగము సుమారు 2 కిలోమీటర్లు. 4 ఐనప్పుడు 4. 8 ఐనప్పుడు 6. 16 ఐనప్పుడు 8. భూమి చుట్టు తిరుగవలెనన్న దాదాపు 8 కిలోమీటర్ల వేగము కావలెను. గాలి నిరోధమును, భూమ్యాకర్షణ వలని నష్టమును విడిచిపెట్టినను, పదునారు పాళ్లలో పదునైదు పాళ్లు ఇంధనమే కావలెనన్నమాట! ఇంత కష్టమని చెప్పినదియు ఆ సూత్రమే. ఐనను అసాధ్యము కాదని చెప్పినదియు ఆ సూత్రమే.

ఈ విషయమును తెలుపు వ్యాసము 1903లో ఒక శాస్త్రపత్రికలో వెలువడెను. ద్రవరూపమునందలి ఉదజని, ప్రాణవాయువులను ఇంధనముగా వాడవచ్చునని అందు సూచించెను. ఆనాటికి విమానము సయితము సరిగా ఎగురలేదు; రైటు సోదరుల తొలి యత్నము ఫలించినది ఆ సంవత్సరము డిసెంబరులో. వ్యాసమును గమనించినవారు బహుకొద్దిమంది. ఆ పత్రికయు ఆ యేడే ఆగిపోయెను.

ఆయన గృహమున సుఖము తక్కువ. 1887లో బొరోవ్‌స్క్ యింట నగ్నిప్రమాదము సంభవించి వ్రాతలును నమూనాలును కాలిపోయెను. 1902లో మాస్కోలో చదువుచుండిన కుమారుడు ఇగ్నాతీ ఆత్మహత్య చేసికొనెను. 1908లో ఒకా నది పొంగి కలూగా యింట జొరబడి వ్రాతప్రతులను తడిపి పాడుచేసెను. నిప్పు కొంత, నీరు కొంత హరింపగా మిగిలినదానితోనే ఆయన మరల మరల మొదలుపెట్టెను. అంతరిక్షనౌక నుండి వెలుపలికి వచ్చుటకు రెండు తలుపుల గది, నౌకను గుండ్రముగా త్రిప్పి బరువును కల్పించుట, శ్వాసవాయువునకై మొక్కలను పెంచుట మున్నగునవి ఆయన కాగితముల మీద రూపొందెను.

ఆయన తలంపులన్నియు ఫలింపలేదు. జీవితమున అధికభాగము లోహపు వాయునౌకకై వెచ్చించెను. ఆయన కోరినట్టి వాయునౌక ఆకాశమున ఎగురలేదు. రాకెట్టు విషయమున మాత్రము కాలము ఆయన పక్షము వహించెను. 1923లో జర్మనీలో హెర్మన్ ఒబెర్త్ గ్రంథము వెలువడెను. 1926లో అమెరికాలో గొడ్డార్డ్ ద్రవేంధనపు రాకెట్టును మొదటిసారి ఎగురవేసెను. అప్పటికిగాని లోకము కలూగా పంతులవైపు తిరిగి చూడలేదు. 1921లోనే సోవియట్ ప్రభుత్వము జీవితాంతము భృతి నేర్పాటుచేసియుండెను. ఒకే రాకెట్టుతో కావలసిన వేగము దుర్లభమని గ్రహించి, కాలిన భాగమును జారవిడుచుచు పైకిసాగు రాకెట్టుమాలను గూర్చి 1929లో గ్రంథము రచించెను. 1932లో ప్రభుత్వము పతకముతో గౌరవించెను. 1935 సెప్టెంబరు 19వ తేదీన, డెబ్బదియెనిమిదవ జన్మదినము గడచిన రెండవనాడు, కలూగాలో ఆయన పరమపదించెను. తాను లెక్కవేసిన యాత్రలలో ఒక్కదానినైనను కన్నులార చూడలేదు.

ఆయన శతజయంతి జరిగినది 1957 సెప్టెంబరులో. సరిగా పదునేడు దినములకు, అక్టోబరు 4వ తేదీన, మొదటి స్పుత్నిక్ భూమిని చుట్టెను. 1961 ఏప్రిల్ 12వ తేదీన గగారిన్ అంతరిక్షమునకేగి వచ్చెను. రెండు నెలలకు కలూగాకు వచ్చి ఆ ఉపాధ్యాయుని పేరిట వెలయనున్న వస్తుప్రదర్శనశాలకు శంకుస్థాపన చేసెను. చంద్రుని ఆవలి వైపున ఒక మహాబిలమునకును ఆయన పేరే పెట్టిరి.

ఆంధ్రతీరమున పులికాటు చెంత శ్రీహరికోట నుండి 2023 జూలై 14వ తేదీన చంద్రయాన్-3 బయలుదేరెను. దానిని మోసికొనిపోయిన రాకెట్టు అంచెలంచెలుగా భాగములను జారవిడుచుచు పైకి సాగెను. కడపటి అంచెలో మండినవి ద్రవ ఉదజని, ద్రవ ప్రాణవాయువులే. ఆగస్టు 23వ తేదీన ఆ నౌక చంద్రుని దక్షిణధ్రువ సమీపమున దిగెను. ఆ ప్రయాణమును నడపిన సూత్రము, వినికిడి లేని యొక పంతులు సాయంకాలము బడి విడిచిన తరువాత దీపమువెలుగున వ్రాసికొన్నదే. నల్లబల్లమీద గుణశ్రేఢిని, అంకశ్రేఢిని ప్రక్కప్రక్కన వ్రాయు ప్రతి ఉపాధ్యాయుడును ఆ బాటలో మొదటి అడుగును పిల్లలకు చూపుచునే యున్నాడు.