రహీం సాబ్: ఓటమి నుంచి పాఠం నేర్చిన హైదరాబాద్ ఫుట్‌బాల్ గురువు

1962 సెప్టెంబరు 4. ఇండొనేషియా రాజధాని జకార్తాలోని సెనయాన్ స్టేడియం కిక్కిరిసిపోయింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్‌లో భారత్, దక్షిణ కొరియా తలపడుతున్నాయి. ప్రేక్షకుల్లో అత్యధికులు భారత్ ఓడిపోవాలని కోరుకుంటున్నారు. జట్టులో ప్రధాన డిఫెండర్ తలకు కుట్లు ఉన్నాయి. గోల్‌కీపర్ అనారోగ్యం నుంచి అప్పుడే కోలుకున్నాడు. మైదానం పక్కన కూర్చున్న కోచ్‌ను క్యాన్సర్ లోలోపల తినేస్తోంది.

ఆ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ ఆటగాళ్లకు ఆయన రహీం సాబ్. ఆ రోజు భారత్ 2-1 తేడాతో గెలిచి స్వర్ణం సాధించింది. ఆ తర్వాత ఆరు దశాబ్దాలు గడిచినా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మరో స్వర్ణం రాలేదు. ఆ విజయం ఒక్క మధ్యాహ్నంలో పుట్టినది కాదు. పదేళ్ల క్రితం హెల్సింకీలో ఎదురైన ఘోర పరాజయంతో దాని కథ మొదలవుతుంది.

బడి నుంచి మైదానానికి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు, ఆ విశ్వవిద్యాలయం జట్టు తరఫున ఆడారు. చదువు ముగిశాక ఉపాధ్యాయ వృత్తిని ఎంచుకున్నారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ వంటి నగరంలోని పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పిల్లల ఆటపాటల బాధ్యతను కూడా స్వీకరించారు.

ఆయన శిక్షణా విధానానికి మూలం ఈ ఉపాధ్యాయ వృత్తిలోనే కనిపిస్తుంది. పాఠం అర్థం కాని విద్యార్థిని నిందించి లాభం లేదు, పాఠం చెప్పే పద్ధతినే మార్చాలి. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయిన తర్వాత రహీం ఇదే సూత్రాన్ని మైదానంలో అమలు చేశారు.

అప్పట్లో దేశమంతటా డ్రిబ్లింగ్‌పై మోజు ఎక్కువ. బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ నలుగురిని తప్పించుకుని వెళ్లే ఆటగాడికే చప్పట్లు పడేవి. అయితే బలిష్ఠమైన ప్రత్యర్థులు ఎదురైతే ఒంటరి నైపుణ్యం ఎక్కువసేపు నిలవదని రహీం గ్రహించారు. అందుకే డ్రిబ్లింగ్‌కు తావులేని టోర్నమెంట్లు నిర్వహించారు. వాటిలో బంతి అందగానే మరొకరికి అందించాల్సిందే. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నిబంధనతోనూ పోటీలు పెట్టారు. కుడికాలి వాటం ఉన్న కుర్రవాడు ఎడమకాలితో పాస్ ఇవ్వడం నేర్చుకుంటే, ఎటువైపు నుంచి ఒత్తిడి వచ్చినా తడబడడు. శిక్షణను నీరసమైన కసరత్తుగా మిగల్చకుండా, పోటీ రూపంలోనే పాఠం చెప్పడం ఆయన ప్రత్యేకత.

పోలీసు జట్టు ప్రభంజనం

ఈ విధానానికి తొలి ఫలం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. కలకత్తా క్లబ్బులదే రాజ్యంగా సాగుతున్న రోజుల్లో ఆ జట్టు 1950లో ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్‌ను మోహన్ బగాన్‌పై గెలుచుకుంది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు కైవసం చేసుకుంది.

పేరుమోసిన తారలను డబ్బిచ్చి తెచ్చుకోవడం వల్ల వచ్చిన విజయాలు కావివి. చాలామంది ఆటగాళ్లు హైదరాబాద్, సికింద్రాబాద్ బస్తీల్లో ఆడుతూ పెరిగినవారే. వేగంగా, నేలబారుగా పాస్‌లు అందించుకుంటూ సాగే ఆటతో వారు పెద్ద క్లబ్బులను ఓడించారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ 1950ల మధ్యలో వరుసగా రెండుసార్లు గెలుచుకుంది.

అప్పటికే రహీం భారత జట్టు శిక్షకుడు కూడా. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్‌లో సాహు మేవాలాల్ సాధించిన గోల్‌తో భారత్ 1-0 తేడాతో ఇరాన్‌ను ఓడించింది. స్వదేశంలో లభించిన ఆ స్వర్ణం ఎన్నో ఆశలు రేపింది. ఏడాదిన్నర తిరగకముందే ఆ ఆశలు కుప్పకూలాయి.

హెల్సింకీలో పది గోల్స్

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత్ తొలి ప్రత్యర్థి యుగోస్లావియా. ఫిన్లాండ్ చలిలో భారత ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే బరిలోకి దిగారు. ఫలితం 10-1. ఒక్క మ్యాచ్‌తోనే భారత్ ఇంటిముఖం పట్టింది.

పరాజయానికి చలిని, వట్టి కాళ్లను కారణంగా చూపి సరిపెట్టుకునే వీలు ఉంది. అసలు లోపాలు మరింత లోతుగా ఉన్నాయి. భారత జట్లు అప్పటికీ ఇద్దరు డిఫెండర్లు, ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లతో కూడిన పాత అమరికను పట్టుకుని ఉన్నాయి. ఐరోపా ఆ దశను ఎన్నడో దాటింది. పైగా దేశవాళీ మ్యాచ్‌లు 90 నిమిషాల కంటే తక్కువ సేపు సాగేవి. అంతర్జాతీయ మ్యాచ్ చివరి భాగానికి చేరేసరికి మన ఆటగాళ్ల ఊపిరి అందేది కాదు.

హెల్సింకీ తర్వాత భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. రహీం రక్షణ వరుసను మూడుకు పెంచారు. ఆటగాళ్ల శారీరక దారుఢ్యంపై దృష్టి పెట్టారు. పాదాల అలవాటు ఒక్క ఉత్తర్వుతో మారింది. ఆలోచన మారడానికి మాత్రం నాలుగేళ్లు పట్టింది.

చూసి నేర్చిన విద్య

1953 నవంబరులో లండన్‌లోని వెంబ్లీ మైదానంలో హంగరీ 6-3 తేడాతో ఇంగ్లండ్‌ను ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిడెకుటి ప్రత్యర్థి గోల్ ముందు నిలబడకుండా, వెనక్కి వచ్చి మైదానం మధ్యలో ఆడాడు. అతడిని కాపు కాయాల్సిన డిఫెండర్‌కు ఇరకాటం ఎదురైంది. వెంట వెళితే వెనుక ఖాళీ ఏర్పడుతుంది. వెళ్లకపోతే హిడెకుటికి అడ్డు ఉండదు. ఈ చిక్కుముడిలోని విలువను గుర్తించిన కొద్దిమంది ఆసియా శిక్షకులలో రహీం ఒకరు.

భారతదేశం బయటి ప్రపంచం నుంచి ఎన్నో నేర్చుకుంటున్న కాలమది. 1955 ఫిబ్రవరిలో భిలాయిలో ఉక్కు కర్మాగారం నిర్మాణానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. తర్వాతి కాలంలో ఎన్నో తెలుగు కుటుంబాలు బతుకుదెరువుకు వెళ్లి స్థిరపడిన ఆ ఊళ్లో, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఒప్పందం కుదిరిన ఆ 1955 తొలి నెలల్లోనే సోవియట్ ఫుట్‌బాల్ జట్టు కూడా భారత్‌లో పర్యటించింది. మరుసటి ఏడాది ఒలింపిక్ స్వర్ణం గెలిచినది ఆ దేశపు జట్టే.

ఉక్కు కోసం యంత్రాలు, నిపుణులు ఒప్పందం ప్రకారం తరలివచ్చారు. ఫుట్‌బాల్ విద్యకు అటువంటి ఏర్పాటు లేదు. రహీం ప్రత్యర్థులను పరిశీలించి, విన్నదీ చదివినదీ తన ఆటగాళ్ల శక్తికి తగినట్లుగా మలుచుకోవలసి వచ్చింది.

మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు భారత్ వెళ్లినప్పుడు ఎవరికీ పెద్దగా అంచనాలు లేవు. సమర్ బెనర్జీ కెప్టెన్. జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాద్ ఆటగాళ్లు ఉన్నారు.

హంగరీ వైదొలగడంతో తొలి రౌండ్ ఆడకుండానే గడిచింది. డిసెంబరు 1న క్వార్టర్ ఫైనల్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియా ఎదురైంది. ఫార్వర్డ్‌లలో ఒకరిని వెనక్కి జరిపి ఆడించే కొత్త పద్ధతి అక్కడ ఫలించింది. దేహబలంలో మిన్నగా ఉన్న ఆస్ట్రేలియా డిఫెండర్లు ఎవరిని కాపు కాయాలో తేల్చుకోలేకపోయారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా ఆటగాడు అతడే. భారత్ 4-2 తేడాతో నెగ్గింది.

సెమీఫైనల్ ప్రత్యర్థి మళ్లీ యుగోస్లావియా. రెండో అర్ధభాగం మొదట్లో తొలి గోల్ చేసింది భారత్. ఆ ఆధిక్యం ఎక్కువసేపు నిలవలేదు. యుగోస్లావియా వరుస గోల్స్‌తో 4-1 తేడాతో గెలిచింది. కాంస్య పతక పోరులో బల్గేరియా చేతిలో 3-0 తేడాతో ఓడిన భారత్ నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్‌కు నేటికీ అదే అత్యుత్తమ స్థానం. నాలుగేళ్ల క్రితం పది గోల్స్ సమర్పించుకున్న జట్టు అదే ప్రత్యర్థిపై కాసేపైనా ముందంజలో నిలిచింది. రహీం సాగించిన కృషికి ఆ కాసేపే కొలమానం.

అద్దె సైకిల్, కన్నకొడుకు

ప్రతిభను గుర్తించడంలో, దాన్ని నిలబెట్టడంలో రహీం శ్రద్ధకు బలరాం జీవితమే ఉదాహరణ. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడకు చెందిన ఆ పేద కుర్రవాడి ఆటను రహీం ఒక స్థానిక మ్యాచ్‌లో చూశారు. హైదరాబాద్‌కు వచ్చి సాధన చేయడానికి అతడి వద్ద ప్రయాణ ఖర్చులు లేవు. అద్దె సైకిల్‌కు అవసరమైన డబ్బును రహీం ఇచ్చారని బలరాం అనంతర కాలంలో గుర్తుచేసుకునేవాడు. అదే కుర్రవాడు చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలతో కలిసి భారత ఫుట్‌బాల్ చరిత్రలోనే గొప్ప ముందువరుసలో భాగమయ్యాడు.

సొంత ఇంటి విషయంలో ఆయన కొలత మరింత కఠినం. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. ఒక్క మ్యాచ్‌లోనూ అతడికి ఆడే అవకాశం దక్కలేదు.

రోమ్‌లో భారత్ ఎదుర్కొన్నది హంగరీ, ఫ్రాన్స్, పెరూ జట్లను. హంగరీ చేతిలో 2-1 తేడాతో ఓడింది. ఫ్రాన్స్‌తో మ్యాచ్‌ను 1-1తో సమం చేసుకుంది. పెరూ చేతిలో 3-1 తేడాతో ఓడి వెనుదిరిగింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ ఆడటం అదే చివరిసారి.

జకార్తా జూదం

జకార్తా క్రీడలు ఓటమితోనే మొదలయ్యాయి. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0 తేడాతో భారత్‌ను ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0 తేడాతో నెగ్గి భారత్ సెమీస్‌కు చేరింది. ఈ క్రమంలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు తీవ్ర గాయమై కుట్లు పడ్డాయి.

కుట్లతో ఉన్న ఆటగాడు గోల్ ముందు వచ్చే ప్రతి ఎత్తు బంతినీ తలతో ఎదుర్కోవడం ప్రమాదకరం. అలాగని అతడిని పక్కన పెడితే జట్టు బలం తగ్గుతుంది. రహీం ఎవరూ ఊహించని నిర్ణయం తీసుకున్నారు. జర్నైల్‌ను రక్షణ వరుస నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలిపారు. దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్‌లో భారత్ 3-2 తేడాతో నెగ్గగా, అందులో ఒక గోల్ జర్నైల్‌దే.

ఇంతలో మైదానం వెలుపల పరిస్థితి విషమించింది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండొనేషియా ప్రవేశం నిరాకరించడాన్ని భారత క్రీడాధికారి గురుదత్ సోంధీ తప్పుబట్టారు. దాంతో జకార్తాలో భారత్‌పై ఆగ్రహం చెలరేగింది. భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. ఫైనల్ రోజున భారత ఆటగాళ్ల చెవుల్లో మోగినవి ఈలలు, కేకలే.

గోల్‌కీపర్ విషయంలోనూ రహీం సాహసించారు. జ్వరం నుంచి కోలుకున్న పొడగరి పీటర్ తంగరాజ్‌ను ఫైనల్‌కు తిరిగి రప్పించారు. కొరియన్లు గాలిలో పంపే బంతులను అందుకోవడానికి ఆ ఎత్తు అవసరమని ఆయన అంచనా. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. చివర్లో కొరియా ఒక గోల్ తిరిగి ఇచ్చినా తొమ్మిది రోజుల కిందటి ఓటమికి బదులు తీరింది.

గురువు వెళ్లిపోయాక

జకార్తా నుంచి తిరిగివచ్చిన రహీం ఆరోగ్యం త్వరలోనే క్షీణించింది. 1963 జూన్‌లో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు మాత్రమే.

ఆయన తీర్చిదిద్దిన ఆటగాళ్లతో భారత్ 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం పొందింది. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలుచుకుంది. ఆ పోటీల్లో పురుషుల జట్టుకు దక్కిన చివరి ఫుట్‌బాల్ పతకం అదే. జపాన్, కొరియా జట్లు ఆ తర్వాత ప్రపంచ కప్ వేదికలకు ఎదిగాయి. 1962లో ఆ రెండింటినీ ఓడించిన దేశం వాటి వెనుకే నిలిచిపోయింది.

ఈ పతనానికి ఒక్క మనిషి మరణమే కారణమనడం సబబు కాదు. అయితే రహీం పద్ధతులు ఆయనతోపాటే కనుమరుగు కావడం మాత్రం వ్యవస్థ వైఫల్యమే. డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు, బలహీనమైన కాలితో ఆడే పోటీలు, బస్తీల్లో ప్రతిభాన్వేషణ ఒక వ్యక్తి అలవాట్లుగా మిగిలిపోయాయి. వాటిని పాఠ్యక్రమంగా మార్చి తరువాతి శిక్షకులకు అందించే ఏర్పాటు జరగలేదు.

గుర్తింపు కూడా ఆలస్యంగానే వచ్చింది. దేశంలో శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం ప్రారంభమైంది 1985లో. అప్పటికి రహీం మరణించి 22 ఏళ్లు. కుమారుడు హకీం మాత్రం అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకుని, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని, 2021లో మరణించారు. రహీం జీవితం ఆధారంగా అజయ్ దేవగణ్ నటించిన మైదాన్ చిత్రం 2024లో విడుదలయ్యాక, ఆయన పేరు కొత్త తరానికి తెలిసింది.

హెల్సింకీలో ఓడినప్పుడు రహీం కోసం కొత్త ఆటగాళ్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. అదే నగరం, అవే బస్తీలు, అవే పేద కుటుంబాల పిల్లలు. మారింది వారికి చెప్పిన పాఠం. పదేళ్లలో పది గోల్స్ పరాభవం నుంచి స్వర్ణం వరకు సాగిన ఆ ప్రయాణంలో, తదుపరి శిక్షకులకు ఆయన వదిలి వెళ్లిన పాఠమూ అదే.