కొవ్వొత్తి కథ చెప్పిన ఫారడే

మైకేల్ ఫారడే అనగానే మనకి గుర్తొచ్చేది ఫిజిక్స్ పరీక్షలో రాసిన ఇండక్షన్ సూత్రం. కానీ ప్రాజెక్ట్ రివ్యూలకీ, స్టార్టప్ పిచ్‌లకీ పీపీటీలు చేసుకునే మనం ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. కష్టమైన విషయాన్ని కథలా చెప్పడం.

ఫారడే 1791లో లండన్ దగ్గర ఒక పేద కమ్మరి ఇంట్లో పుట్టారు. స్కూలు చదువు అంతంతమాత్రం. పద్నాలుగేళ్ళకే పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనికి కుదిరారు. బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలే ఆయనకి కాలేజీ. 1812లో షాపుకొచ్చే ఒకాయన టికెట్లిస్తే, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నారు. ఆ నోట్సంతా బొమ్మలతో సహా నీట్‌గా రాసి, తనే బైండ్ చేసి డేవీకి పంపారు. మరుసటి సంవత్సరం అక్కడే అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. డిగ్రీ లేదు, సిఫార్సు లేదు. ఆ నోట్సే ఆయన రెజ్యూమే.

ఉద్యోగంలో చేరాక వక్తల్ని గమనించడం మొదలుపెట్టారు. హాల్లో గాలి ఆడుతోందా, వినేవాళ్ళకి బల్ల కనిపిస్తోందా, ఎంతసేపటికి విసుగొస్తుంది అన్నీ ఫ్రెండుకి ఉత్తరాల్లో రాశారు. గంటకి మించి మాట్లాడకూడదని తేల్చుకున్నారు. మాట్లాడటం మీద ప్రత్యేకంగా పాఠాలు కూడా చెప్పించుకున్నారు. కంగారుపడి వేగంగా చెప్పేయకుండా, నెమ్మదిగా అని రాసిన కార్డుని ఎదురుగా పెట్టుకునేవారు.

1820ల్లో ఆ సంస్థకి డబ్బు ఇబ్బందులు వచ్చాయి. జనం వస్తేనే సంస్థ నిలబడుతుంది. అప్పుడే శుక్రవారం సాయంత్రం ఉపన్యాసాలూ, పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలూ మొదలయ్యాయి. క్రిస్మస్ ఉపన్యాసాలు ఫారడే 19 సార్లు ఇచ్చారు. వాటిలో బాగా పేరొచ్చింది కొవ్వొత్తి మీద చెప్పినవి.

అందరి ఇంట్లో ఉండే కొవ్వొత్తి వెలిగించి, ఒక్కో ప్రశ్న వేసుకుంటూ వెళ్ళారు. కరిగిన మైనం ఒత్తి పైకి ఎలా ఎక్కుతుంది? అసలు మండుతున్నది మైనమా, దాని ఆవిరా? మంటలోంచి ఆ ఆవిరిని గాజు గొట్టంతో పక్కకి లాగి, అవతలి చివర వెలిగించి చూపించారు. మంట మీద చల్లటి పాత్ర పట్టి నీటి చుక్కలు చూపించారు. నిప్పులోంచి నీళ్ళా అని పిల్లలు నోరెళ్ళబెట్టే చోటే కెమిస్ట్రీ మొదలవుతుంది. చివరికి, కొవ్వొత్తి గాలిని వాడుకుని వదిలే కార్బన్ డయాక్సైడే మన ఊపిరిలోనూ ఉందని చూపించారు. అప్పటిదాకా బల్ల మీద ఉన్న కథ వినేవాళ్ళ ఒంట్లోకి వచ్చేసింది.

ఇందులో కథ అంటే మధ్యలో ఒక జోక్ ఇరికించడం కాదు. ముందు ప్రశ్న పుట్టాలి, జవాబు కళ్ళముందు కనిపించాలి, ఆ జవాబులోంచి ఇంకో ప్రశ్న రావాలి. మనం మాత్రం మొదటి స్లయిడ్‌లోనే ఆర్కిటెక్చర్ డయాగ్రామ్ పెట్టేస్తాం. ఎవరి ఏ కష్టం తీర్చడానికి ఆ యాప్ రాశామో పదో స్లయిడ్‌లో కూడా ఉండదు. కస్టమర్ అయినా, ఇన్వెస్టర్ అయినా ముందు అడిగేది దాని గురించే కదా.

ఫారడేకి పెద్ద లెక్కలు రావు. అయస్కాంతం చుట్టూ గీతలున్నట్టు ఊహించి చెప్పారు. ఆ ఊహకి తర్వాత మాక్స్‌వెల్ గణితం రాశారు. 1867లో ఫారడే చనిపోయారు. క్రిస్మస్ ఉపన్యాసాలు ఇప్పటికీ జరుగుతున్నాయి. వచ్చే రివ్యూకి స్లయిడ్లు మొదలుపెట్టే ముందు, మన ప్రాజెక్టులో కొవ్వొత్తి ఏదో ఒకసారి వెతుక్కుందాం.