అదృష్టమునకు లెక్క గట్టిన అబ్రహాము డిమూవర్

ఇంటర్మీడియట్ తరగతిలో గణితము చదువు విద్యార్థులలో డిమూవర్ సిద్ధాంతము పేరు విననివారుండరు. కొసైను సైనులు చేరిన సంకీర్ణ సంఖ్యను ఏదేని ఘాతమునకు హెచ్చించుటకు కోణమును అన్ని రెట్లు చేసిన చాలునని ఆ సిద్ధాంతము చెప్పును. పరీక్షకు సూత్రము వచ్చిన సరిపోవును గావున, ఆ పేరు గల మనుష్యుడెవరో విచారించు అవసరము వారికి కలుగుట లేదు. మా యెంచికలో ఆయన చేసిన గొప్ప పని అది కాదు, వేరొకటి. బ్యాంకులును భీమా సంఘములును రాబోవు నష్టమును అంకెలతో కొలుచుటకు నేడు వాడుచున్న ముఖ్యమైన కొలబద్దను మొదట తయారుచేసినవాడు ఆయనయే. ఫైనాన్షియల్ రిస్క్ మేనేజరు అను పరీక్షకు కూర్చుండు యువకులు మొదటి భాగములోనే సంభావ్యతను, సంఖ్యాశాస్త్రమును చదువవలసియున్నది. ఆ పాఠములలో గంట ఆకారము గల యొక వక్రరేఖ మాటిమాటికి ఎదురగును. దానిని మొట్టమొదట కనుగొన్నవాడు ఇంటింటికి తిరిగి ప్రైవేటు చెప్పుకొని బ్రదికిన ఒక బీద ఉపాధ్యాయుడని తెలిసినచో, చదువరులు ఆయన కథ వినగోరుదురని తలంచుచున్నాము.

అబ్రహాము డిమూవర్ 1667వ సంవత్సరము మే నెల 26వ తేదీన ఫ్రాన్సు దేశమందు, షాంపేను ప్రాంతములోని విట్రీ అను పట్టణములో జన్మించెను. తండ్రి శస్త్రవైద్యుడు, ధనవంతుడు కాకున్నను చదువు విలువ నెరిగినవాడు. వారిది ప్రొటెస్టంటు కుటుంబము. ఆ దేశములో ప్రొటెస్టంటులను హ్యూగెనోట్లని పిలుచుచుండిరి. 1598లో నాలుగవ హెన్రీ రాజు నాంత్ పట్టణమున ప్రకటించిన శాసనమువలన వారికి తమ మతము నవలంబించు స్వేచ్ఛ కొంత లభించెను. పదునాలుగవ లూయీ కాలము వచ్చుసరికి ఆ స్వేచ్ఛ యేటేట సన్నగిల్లుచుండెను. బాలుడు మొదట కథోలిక గురువుల బడిలో చదివి, పదునొకండవ యేట సెడాను పట్టణమందలి ప్రొటెస్టంటు విద్యాలయములో చేరి గ్రీకు భాష నభ్యసించెను. ప్రభుత్వమువారు ఆ విద్యాలయమును మూయించిరి. అంతట సోమూరు పట్టణమునకు పోయి తర్కము చదివెను. పాచికల పందెములను గూర్చి హాలండు దేశస్థుడగు హైగెన్సు వ్రాసిన చిన్న గ్రంథమును ఈ బాల్యదశలోనే, ఎవరును బోధింపకయే, చదువుకొనెను. 1684లో పారిసు చేరి, ఓజనాము అను గణితోపాధ్యాయునియొద్ద పాఠములు చెప్పించుకొనెను. ఊరూరు మారుచు సాగిన చదువే గాని, ఒక్కచోట నిలుకడగా సాగిన చదువు కాదు.

1685 అక్టోబరు నెలలో లూయీ రాజు నాంత్ శాసనమును రద్దు చేసెను. ప్రొటెస్టంటుల గుడులు కూల్చబడెను. వారి బోధకులు దేశము విడిచిపోవలెననియు, తక్కినవారెవ్వరును విడువరాదనియు, పుట్టిన బిడ్డలకు కథోలిక గుడిలోనే బాప్తిస్మ మిప్పింపవలెననియు ఆజ్ఞ యయ్యెను. ఆజ్ఞ యెట్లున్నను లక్షకు మించిన జనులు రహస్యముగా సరిహద్దులు దాటి పోయిరి. డిమూవరును పారిసులోని యొక మఠమందు కొంతకాలము నిర్బంధించిరని చెప్పుదురు. ఇరువదియేండ్లు దాటునప్పటి కాయన లండను నగరము చేరెను. మిగిలిన ఆయుష్షంతయు ఇంగ్లండులోనే గడచెను.

పరదేశమున చేతిలో డబ్బు లేని యువకునికి తెలిసిన విద్య గణిత మొక్కటియే. గొప్పవారి పిల్లలకు వారి వారి యిండ్లలో పాఠములు చెప్పుటకు కుదిరెను. ఒకనాడు డెవన్‌షైరు ప్రభువుగారి యింట న్యూటను 1687లో ప్రకటించిన ప్రిన్సిపియా అను మహాగ్రంథము ఆయన కంటబడెను. గణితమంతయు తనకు తెలియుననుకొనుచుండిన ఆ యువకుడు పుటలు త్రిప్పి చూచి, తాను నేర్చినది మొదటి మెట్టు మాత్రమేయని గ్రహించెను. వెంటనే ఆ గ్రంథమును కొనెను. దినమంతయు ఒక యింటినుండి మరియొక యింటికి నడచుటతోనే సరిపోవుచున్నందున, కూర్చుండి చదువుటకు తీరిక లేక, కాగితములు చింపి కొన్ని కొన్నిగా జేబులో నుంచుకొని త్రోవలో చదివెను. పుస్తకములు చింపుట మా విద్యార్థులకు మేము నేర్పదలచిన విద్య కాదు. చింపిన ప్రతి కాగితమును ఆ విధముగా చదువుదురేని అప్పుడు ఆలోచింతుము.

1692లో తోకచుక్క పేరున ప్రసిద్ధుడైన హేలీతో స్నేహము కలిగెను. హేలీ ఆయన వ్యాసమును 1695లో రాయల్ సొసైటీకి అందజేసెను. 1697లో డిమూవర్ ఆ సంఘమున సభ్యుడయ్యెను. న్యూటనుకు ఆప్తుడయ్యెను. అయినను విశ్వవిద్యాలయములో ఉద్యోగము దొరకలేదు. జర్మనీనుండి లైబ్నిట్జు, స్విట్జర్లండునుండి జోహాన్ బెర్నూలీ ఆయనకొరకు ప్రయత్నించిరి గాని ఫలింపలేదు. కలనగణితమును మొదట కనుగొన్నది న్యూటనా, లైబ్నిట్జా అను తగవును తీర్చుటకు 1712లో రాయల్ సొసైటీవారు నియమించిన ఉపసంఘములో ఈయనను చేర్చిరి. తనకు ఉద్యోగము వెదకిన లైబ్నిట్జునకు ప్రతికూలముగా తీర్పు చెప్పిన సంఘమది. న్యూటనే తెరవెనుక నుండి నివేదిక వ్రాసెను గావున దానిని నిష్పక్షపాతమైన సంఘమని మేము చెప్పజాలము.

పాఠములు ముగిసిన పిమ్మట సెయింట్ మార్టిన్సు వీధిలోని స్లాటర్సు కాఫీ హోటలులో ఆయన కూర్చుండెడివాడు. పందెములాడువారు, అప్పులిచ్చువారు, ఆస్తుల క్రయవిక్రయములు చేయువారు తమ తమ లెక్కలు తెచ్చి అడిగి, చెప్పినందుకు కొంత రుసుము ఇచ్చుచుండిరి. గణిత సందేహములతో తనయొద్దకు వచ్చినవారిని వృద్ధుడైన న్యూటను ఈయనయొద్దకే పంపి, ఆ సంగతులు తనకంటె ఆయనకే బాగుగా తెలియునని చెప్పెడివాడట. జూదగాండ్రకు లెక్కలు చెప్పి కూలి పుచ్చుకొనుట క్రైస్తవునికి తగునా యని కొందరడుగవచ్చును. ఆయన 1718లో ప్రకటించి న్యూటనుకు అంకితమిచ్చిన డాక్ట్రిన్ ఆఫ్ ఛాన్సెస్ అను గ్రంథమే దానికి సమాధానము. ఆటలో అదృష్టమను శక్తి యేదియో పనిచేయుచున్నదను మూఢనమ్మకమును పోగొట్టుట తన గ్రంథమువలని ప్రయోజనములలో ఒకటని పీఠికలోనే ఆయన తెలిపెను. లెక్క తెలిసిన జూదగాడు జూదము మానునో మానడో మేమెరుగము. అదృష్టము తనను వరించునని మాత్రము అనుకొనడు.

కాఫీ హోటలులో అడుగబడిన లెక్కలలో మిక్కిలి ముఖ్యమైనవి వర్షాశనమునకు సంబంధించినవి. ఒకడు నేడు పెద్దమొత్తము చెల్లించును. దానికి ప్రతిఫలముగా అతడు జీవించియున్నంతకాలము ఏటేట కొంత సొమ్ము పొందును. అతడు త్వరగా మరణించిన పుచ్చుకొన్నవానికి లాభము, చిరకాలము జీవించిన నష్టము. ఇరువదియేండ్ల యువకునికిని డెబ్బదియేండ్ల వృద్ధునికిని ఒకే ధర యుండరాదని ఎవరికైనను తోచును. ఆ కాలమున ఇంగ్లండు ప్రభుత్వము మాత్రము వయస్సు చూడకయే అమ్ముచుండెను. బ్రెస్లౌ పట్టణమందలి నాయ్‌మన్ అను బోధకుడు జనన మరణములను శ్రద్ధగా లెక్కించి పంపగా, హేలీ దానినిబట్టి 1693లో ఒక పట్టిక చేసెను. ఆ పట్టికలో 50 యేండ్లవారు 346 మంది యుండగా, 70 యేండ్లకు 142 మంది మిగిలిరి.

ప్రతి వయస్సునకును పట్టిక చూచి వడ్డితో గుణించి కూడుట మిక్కిలి శ్రమ. డిమూవర్ ఆ పట్టికను చూచి, పండ్రెండవ యేడు దాటినది మొదలు ఏటేట చనిపోవువారి సంఖ్య ఇంచుమించు సమానముగా నున్నదని కనిపెట్టెను. 86ను ఆయుష్షునకు హద్దుగా పెట్టుకొనెను. 50 యేండ్లవారు 36 మంది యున్నచో ఏటికొక్కరు చొప్పున గతింతురని ఆయన యూహ. దీనిప్రకారము పై 346 మందిలో 70 యేండ్లకు 154 మంది మిగులవలెను. పట్టికలో నున్నది 142. సరిగా సరిపోదు గాని, దీనితో పుటలకొలది పట్టవలసిన లెక్క రెండు వరుసలలో తేలును. ఈ విషయమై 1725లో ఆయన ప్రత్యేక గ్రంథము ప్రకటించెను. తరువాత సింప్సను అను యువగణితజ్ఞుడు ఇదే విషయముపై తక్కువ వెలకు పుస్తకము వేయగా వృద్ధునికి కోపము వచ్చినది. వారి తగవులో ఎవరికిని గౌరవము రాలేదు.

ఇక గంట ఆకారపు రేఖ సంగతి. ఒక నాణెమును ఎగురవేసిన బొమ్మ పడునో బొరుసు పడునో ఎవరును చెప్పలేరు. ఎక్కువసార్లు ఎగురవేసినకొలది బొమ్మలు సగమునకు దగ్గరగు నని జాకబ్ బెర్నూలీ నిరూపించెను. ఆయన గ్రంథము 1713లో, మరణానంతరము, వెలువడెను. ఎంత దగ్గర యను ప్రశ్న మిగిలియుండెను. 1733 నవంబరు 12వ తేదీతో డిమూవర్ లాటిను భాషలో కొన్ని పుటల కరపత్రము అచ్చువేయించి స్నేహితులకు పంచెను. అందు జవాబున్నది. నాణెమును 3600 సార్లు ఎగురవేసిన, సగము 1800. 3600కు వర్గమూలము 60. దానిలో సగము 30. బొమ్మలు 1770కిని 1830కిని నడుమ పడు సంభావ్యతను ఆయన 0.682688గా లెక్కించెను; అనగా నూటికి ఇంచుమించు 68 వంతులు. ఈ 30నే నేటివారు ప్రామాణిక విచలనమందురు. దానికి రెండింతల దూరము తీసికొన్న నూటికి 95, మూడింతలు తీసికొన్న 99కి పైగా వచ్చును. ఆ లెక్కలో వృత్తపరిధికి సంబంధించిన పై అను సంఖ్య దూరియున్నదని స్టిర్లింగు అను స్నేహితుడు చూపెను. నాణెమునకును వృత్తమునకును ఏమి సంబంధమో చదువరులు ఒకమారు ఆలోచింతురు గాక.

ఇందులో మర్మమంతయు వర్గమూలములోనే యున్నది. నూరుసార్లు ఎగురవేసిన 50కి 5 అటునిటు. పదివేలసార్లు ఎగురవేసిన 5000కు 50 అటునిటు. మొదటిదానిలో తేడా పదియవ వంతు, రెండవదానిలో నూరవ వంతు. ఒక్క యింటివాని నష్టమును భరించువాడు సాహసి. పదివేల యిండ్లవారి నష్టములను ఒక్కటిగా చేర్చి భరించువాడు, రాబోవు సంవత్సరము తన వ్యయమెంతయో ఇంచుమించు ముందే చెప్పగలడు. భీమా వ్యాపారమంతయు ఈ లెక్కపై నిలిచియున్నది. విడివిడిగా క్రమములేనివై తోచు సంగతులలో ఇట్టి క్రమ మేర్పడుట సృష్టికర్త సంకల్పమునకు గుర్తని డిమూవర్ విశ్వసించెను.

పరీక్షకు చదువు యువకులు సూత్రముతోపాటు దాని షరతును గూడ పట్టుకొనవలెనని ఇచ్చట చెప్పుట ఉపాధ్యాయులుగా మాకు విధి. ఒక నాణెము పడుటకును తరువాతి నాణెము పడుటకును సంబంధము లేనప్పుడే వర్గమూలపు లెక్క చెల్లును. పదివేల నాణెములను ఒకే దారమునకు కట్టి విసరినచో అవి పదివేలు కావు, ఒక్కటియే. అమెరికా దేశమున ఇండ్లపై ఇచ్చిన అప్పులను వేలకొలది కట్టలుగా గట్టి, ఒకడు చెల్లింపకున్న మరియొకడు చెల్లించునని బ్యాంకులవారు ధైర్యముగా నుండిరి. ఇండ్ల ధరలు దేశమంతటను పడిపోగా అప్పులవా రనేకులు ఒక్కసారిగా చెల్లింపజాలకపోయిరి. 2008లో గొప్ప బ్యాంకులే కూలెను. డిమూవర్ సైతము భార్యాభర్తల ఆయుష్షులకు కలిపి వర్షాశనము కట్టునప్పుడు ఒకరి మరణమునకు మరియొకరి మరణముతో సంబంధము లేదనియే లెక్కించెను. ఒకే అంటువ్యాధి ఒకే యింటిలో ఇద్దరినిగూడ తీసికొనిపోవచ్చును. ఆ లోపము సూత్రములో లేదు, దానిని ప్రయోగించు చోటులో నున్నది.

ఆయన పెండ్లి యాడలేదు. ఫ్రెంచి సాహిత్యమన్న మక్కువ. న్యూటను నగుటకంటె మోలియేరు వంటి నాటకకర్త నగుటయే తనకిష్టమని చెప్పెడివాడట. ముసలితనమున చూపు మందగించెను. 1735లో బెర్లిను అకాడమీవారును, 1754 జూను నెలలో పారిసు అకాడమీవారును ఆయనను సభ్యునిగా నెన్నుకొనిరి. తన మతమును విడువనొల్లక వదలిన దేశమునుండి ఆ గౌరవము వచ్చునప్పటికి ఆయన వయస్సు 87 సంవత్సరములు. అదే సంవత్సరము నవంబరు 27వ తేదీన లండనులో మరణించెను. దినదినము పావుగంట చొప్పున నిద్ర పెరుగుచున్నదని కనిపెట్టి, అది యిరువదినాలుగు గంటలగు దినమును లెక్కించి తన మరణదినమును ముందే చెప్పెనని యొక కథ కలదు. కథ యందముగానే యున్నది గాని మేము నమ్మలేదు. ఒక్కని మరణదినము లెక్కకు దొరకదని ఆయనకంటె నెరిగినవారెవరు?

డాక్ట్రిన్ ఆఫ్ ఛాన్సెస్ మూడవ కూర్పు 1756లో వెలువడెను. ఆయన శిష్యులలో జేమ్సు డాడ్సను అను గణితోపాధ్యాయుడుండెను. అతడు తన ప్రాణమునకు భీమా చేయించుకొనబోగా, వయస్సు 45 దాటినదని అమికబిల్ సొసైటీవారు చేర్చుకొనలేదు. ఆ సంఘములో పడుచువారికిని పెద్దవారికిని చందా యొక్కటే గావున, పెద్దవారిని చేర్చుకొనుట వారికి నష్టము. వయస్సునుబట్టి చందా నిర్ణయించినచో ఎవరిని త్రోసివేయవలసిన పని యుండదని డాడ్సను గురువుగారి పద్ధతులతో లెక్కలు కట్టి చూపెను. 1757లో అతడు చనిపోయెను. 1762లో ఈక్విటబుల్ సొసైటీ యను జీవిత భీమా సంఘము లండనులో స్థాపితమై, అతని లెక్కల ననుసరించి, చేరువారి వయస్సునుబట్టి చందాలు నిర్ణయింప నారంభించెను.