సుబ్బమ్మ గారి పూటకూళ్ళ ఇల్లు

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరే మన జిల్లా పేరు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌ను వ్యతిరేకిస్తూ ఆయన తుపాకులకు గుండె చూపిన సంగతి మన మాస్టార్లు చెప్పగా విన్నవాళ్ళమే. నేను రాస్తున్నది అంతకు చాలా ముందటి సంగతి.

ప్రకాశం గారు 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండో ఏట తండ్రి గోపాలకృష్ణయ్య గారు పోయారు. తల్లి సుబ్బమ్మ గారు పిల్లలతో ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు పెట్టారు. డబ్బు తీసుకుని అన్నం పెట్టేవాళ్ళను లోకం చిన్నచూపు చూసే రోజులవి. ఆమె వెనుకాడలేదు. పరీక్ష ఫీజుకు మూడు రూపాయలు దొరక్కపోతే తన పట్టుచీర తాకట్టు పెట్టారు.

బడిలో ఆ కుర్రాణ్ణి చేరదీసినవారు మిషన్ పాఠశాల ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు. ఆయన రాజమండ్రికి మారినప్పుడు ప్రకాశాన్నీ వెంట తీసుకువెళ్ళి చదివించారు. ఇంట్లో తల్లి, బడిలో గురువు చెరొక చెయ్యీ పట్టుకున్నారు. ఆ పిల్లవాడే రాజమండ్రి మున్సిపల్ చైర్మన్ అయ్యారు, ఇంగ్లండు వెళ్ళి బారిస్టరయ్యారు, ఆ సంపాదన వదిలి స్వరాజ్య పత్రిక నడిపారు. 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1957 మే 20న కన్నుమూశారు.

ఈ కథ చదివినప్పుడల్లా మా అమ్మ గుర్తొస్తుంది. తెల్లవారకముందే మిరపకోతకు పోయేది. తల్లిదండ్రుల సమావేశమేమో పగలు పది గంటలకు. వస్తే ఆ రోజు కూలి పోతుంది. అందుకే ఏనాడూ రాలేదు. ఆమెకు నా చదువు పట్టదని బడిలో అనుకున్నారు. నేనూ అలాగే అనుకుని సిగ్గుపడ్డాను. ఆ కూలి డబ్బుతోనే నా పుస్తకాలు కొన్నదని ఇంజనీరునయ్యాక గాని తలకెక్కలేదు.

మిత్రులకు, గురువులకు నా మనవి ఒక్కటే. మన ఊరి అంగన్‌వాడీలో, ఒకటో తరగతిలో ఉన్న పిల్లల తల్లిదండ్రులను కోతల నెలల్లో పొద్దుగూకాక పిలుద్దాం. పిల్లల పక్కన కూర్చోబెట్టి, వాళ్ళు గీసిన బొమ్మలు, దిద్దిన అక్షరాలు చూపిద్దాం. చదువురాని తల్లి చేత ఒక కథ చెప్పిద్దాం, ఒక పాట పాడిద్దాం. ఆ పూట లైట్లకు, టీకి అయ్యే ఖర్చు మన సంఘం పెట్టుకోలేనిది కాదు. స్వర్ణోత్సవానికి కట్టే ఆర్చీతో పాటు ఇదీ మొదలుపెడదాం. రాని తల్లిని పట్టనితల్లి అనుకోవద్దు.