యంత్రానికి పాఠం చెప్పించిన గురువు

ఒక విద్యను కనిపెట్టినవారి పేరు చరిత్రలో నిలుస్తుంది. దానిని సామాన్య విద్యార్థి ముంగిటికి చేర్చినవారి పేరు తరచు మరుగున పడుతుంది. కంప్యూటరు విద్య విషయంలో ఈ రెండవ కోవకు చెందిన మహనీయుడు జాన్ కెమెనీ.

ఆయన 1926 మే 31న హంగరీ రాజధాని బుడాపెస్టులో ఒక యూదు కుటుంబంలో జన్మించినాడు. నాజీల వలన రానున్న విపత్తును గ్రహించిన తండ్రి 1938లో అమెరికా చేరి, 1940లో భార్యాబిడ్డలను రప్పించుకొన్నాడు. జన్మభూమిని విడిచి రానని నిలిచిపోయిన తాతగారు ఆ మారణకాండకు బలియైనారు. న్యూయార్కు పాఠశాలలో మూడేండ్లకే ప్రథముడుగా ఉత్తీర్ణుడైన కెమెనీ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించినాడు. మధ్యలో ఒక ఏడాది లాస్ అలమోస్‌లో అణుబాంబు లెక్కలు కట్టే బృందంలో పనిచేసినాడు. 1949లో డాక్టరేటు పొందినాడు.

1953లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని డార్ట్‌మత్ కళాశాలలో చేరి, రెండేండ్లకే గణితశాఖాధ్యక్షుడైనాడు. ఆ రోజులలో కళాశాలకు కంప్యూటరు లేదు. సహచరుడైన థామస్ కర్ట్జ్ చిల్లుల కార్డుల పెట్టెను రైలులో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు మోసుకొనిపోయి లెక్కలు చేయించుకొని వచ్చేవాడు. కార్డులో ఒక్క పొరపాటు దొర్లితే ప్రయాణమంతా వృథా.

డార్ట్‌మత్ విద్యార్థులలో నాలుగింట మూడువంతులు విజ్ఞానశాస్త్రాలు చదివేవారు కారు. అయినను రేపు ప్రభుత్వంలోను, వ్యాపారంలోను నిర్ణయాలు చేయవలసినవారు వారే. యంత్రమెట్లు పనిచేయునో ఎరుగనివారు దానిని గురించి తీర్పు చెప్పడం క్షేమం కాదని మిత్రులిద్దరూ తలచినారు.

అందుకై రెండు ఉపాయాలు పన్నినారు. ఒకే యంత్రం పలువురి పనిని వంతులవారీగా, కొద్ది క్షణాల చొప్పున చేస్తూ, అది తమదేనని ఎవరికి వారికి తోపించే కాలవిభజన పద్ధతి మొదటిది. సులభమైన ఆంగ్లపదాలతో ఆజ్ఞలు వ్రాయగల బేసిక్ భాష రెండవది. 1964 మే 1న తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆ భాషలోని ప్రోగ్రాములు తొలిసారి పనిచేసినవి. ఆ నిర్మాణంలో డిగ్రీ విద్యార్థుల పాలు మిక్కిలి ఎక్కువ.

గ్రంథాలయంలో పుస్తకం తీసికొన్నంత స్వేచ్ఛగా విద్యార్థి కంప్యూటరును వాడుకోవాలన్నది కెమెనీ ఆశయం. మొదటి సంవత్సరం గణిత విద్యార్థులు కొద్ది ఉపన్యాసాలు విని, టెలిటైపు ముందు కూర్చొని స్వయంగా ప్రోగ్రాములు వ్రాసేవారు. ఇందలి బోధనాసూత్రం ఉపాధ్యాయులకు చిరపరిచితమే. ఇతరులకు చెప్పబూనినప్పుడే మనకు తెలిసినదెంతో తేలుతుంది. వర్గమూలం కనుగొనడం యంత్రానికి నేర్పవలెనంటే ఎక్కడ ఆరంభించాలో, ఏ మెట్టు వెనుక ఏది రావాలో, ఎప్పుడు ఆగాలో విద్యార్థియే నిశ్చయించాలి. యంత్రం మొహమాటానికి తల ఊపదు. తప్పుకు తగిన ఫలితాన్ని వెంటనే చూపుతుంది, మరల దిద్దుకొమ్మంటుంది.

బేసిక్ వలన అస్తవ్యస్తంగా వ్రాసే అలవాటు పడుతుందని డైక్‌స్ట్రా వంటి పండితులు తీవ్రంగా విమర్శించినారు. ఇతరులు మార్చివేసిన రూపాలు కెమెనీకి కూడా నచ్చలేదు. 1980లలో కర్ట్జ్‌తో కలిసి భాషను సంస్కరించి ట్రూ బేసిక్‌ను వెలువరించినాడు.

1970 నుండి 1981 వరకు కళాశాలాధ్యక్షుడుగా ఉన్న కాలంలోను ఆయన తరగతి గదిని విడువలేదు. 1972లో అక్కడ స్త్రీలకు ప్రవేశం లభించింది ఆయన హయాంలోనే. 1979లో త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగినపుడు విచారణ సంఘానికి అధ్యక్షత వహించినాడు. యంత్రాలకంటె మనుషుల శిక్షణలోను, నిర్వహణలోను ఉన్న లోపాలే ముఖ్యమని ఆ సంఘం తేల్చింది.

1992 డిసెంబరు 26న కెమెనీ కన్నుమూసినాడు. లాస్ అలమోస్‌లో ఎందరో కూడి ఏడాదిపాటు రేయింబవళ్లు కట్టిన లెక్కలను, పాతికేండ్ల తరువాత తన కళాశాలలో ఒక విద్యార్థి ఒక్క మధ్యాహ్నంలో పూర్తి చేయగలగడం ఆయన జీవితకాలంలోనే చూచినాడు.