ఊరూరా ఆడిన నాయుడు

సాయంత్రం మన భైంసా హాస్టల్ ముందు టెన్నిస్ బంతితో సిక్సర్ కొట్టే తమ్ముళ్లకు సచిన్ పేరు తెలుసు, ధోనీ పేరు తెలుసు. భారత జట్టు మొట్టమొదటి టెస్టు కెప్టెన్ ఒక తెలుగువాడని మాత్రం చాలామందికి తెలియదు. ఆయనే కర్నల్ సి.కె. నాయుడు. పూర్తి పేరు కొట్టారి కనకయ్య నాయుడు.

1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించారు. 1916లో బొంబాయి పోటీల్లో హిందువుల జట్టు తరఫున పెద్ద క్రికెట్‌లో అడుగుపెట్టారు. ఆ రోజుల్లో జట్లు మతాన్ని బట్టి ఉండేవి. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. అదే హిందువుల జట్టుకు ఏళ్ల తరబడి వికెట్లు తీసి గెలిపించిన దళిత బౌలర్ పల్వంకర్ బాలూకు పూనాలో టీ వేరే పాత్రలో, బయట ఇచ్చేవారు. కెప్టెన్సీ ఏనాడూ ఇవ్వలేదు. 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు దక్కింది. మన హాస్టల్ విద్యార్థులు నాయుడుగారితో పాటు ఈ అన్నదమ్ముల పేర్లు కూడా గుర్తుంచుకోవాలని మా కోరిక.

అప్పుడు ఆటకు జీతం లేదు. రాజులు పోషిస్తేనే ఆటగాడికి బతుకు. 1923లో హోల్కర్ మహారాజు పిలిచి తన సైన్యంలో ఉద్యోగం ఇవ్వగా నాయుడుగారు ఇందోర్ చేరారు. కర్నల్ అన్న బిరుదు అలా వచ్చిందే. 1926లో బొంబాయిలో ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై రెండు గంటలలోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు!

1932లో ఇంగ్లండు వెళ్లిన జట్టుకు పోర్‌బందర్ మహారాజు కెప్టెన్. తన ఆట ఎంతో ఎరిగిన మనిషి కనుక లార్డ్స్ టెస్టుకు పక్కకు తప్పుకున్నారు. జూన్ 25న నాయుడుగారు జట్టును నడిపించారు. చేతికి దెబ్బ తగిలినా 40 పరుగులు చేశారు. మనం ఓడిపోయాం, కానీ మరుసటి ఏడాది విజ్డెన్ ఆయనను అయిదుగురు ఉత్తమ ఆటగాళ్లలో ఒకరిగా ఎంచింది.

1936లో అలా జరగలేదు. విజయనగరం మహారాజకుమార్ కెప్టెన్ పదవి పట్టుకుని వదల్లేదు. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు! ఆయన కింద ఆడుతూ నాయుడుగారు ఓవల్ టెస్టులో పక్కటెముకలకు బంతి తగిలినా 81 పరుగులు చేశారు. అదే ఆఖరి టెస్టు. మొత్తం ఏడు టెస్టులు, 350 పరుగులు. ప్రతిభకు తగ్గ లెక్క కాదని మా అభిప్రాయం.

అంతటితో ఆగిపోలేదు. మధ్య భారత్, హోల్కర్, ఆంధ్ర, ఉత్తరప్రదేశ్... ఎవరు పిలిస్తే వారికి ఆడారు. హోల్కర్‌కు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ తెచ్చారు. 1945-46 ఫైనల్‌లో బరోడాపై 200 పరుగులు చేసేనాటికి వయసు 50. ఆంధ్ర జట్టు 1953-54లో తొలిసారి రంజీ ఆడినప్పుడు కెప్టెన్ ఆయనే. 61 ఏళ్ల వయసులో ఉత్తరప్రదేశ్‌కు ఆడారు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. ఆ గౌరవం పొందిన తొలి క్రికెటర్ ఆయన.

1963-64లో నాగపూర్‌లో ఒక నిధుల సేకరణ మ్యాచ్ జరిగింది. 68 ఏళ్ల నాయుడుగారు మళ్లీ ప్యాడ్లు కట్టుకుని పుట్టిన ఊళ్లో బ్యాటింగ్‌కు దిగారు. 1967 నవంబర్ 14న ఇందోర్‌లో కన్నుమూశారు.